‘చూస్తాను’ అన్న మాటకు మూడు మార్కులు

కెనడాలో, హామిల్టన్‌లోని ఆ ప్రభుత్వ కాలేజీలో ఆడవాళ్ళను గౌరవించడానికి ఏడాదికి ఒక రోజు కేటాయించారు. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజుల సంగతి ఎవరూ అడక్కూడదు. ఆ రోజు ఊదారంగు కప్‌కేకులు పంచుతారు. వాటిని తెప్పించేదీ, బల్లల మీద సర్దేదీ, అందరూ తిన్నాక ఆ బల్లలు తుడిచేదీ ఆడవాళ్ళే. మగవాళ్ళు వచ్చి ఒకటి తిని, ఇంకొకటి కాగితంలో చుట్టుకుని, చాలా మంచి కార్యక్రమమని మెచ్చుకుని వెళ్తారు. అడ్మిషన్స్ ఆఫీసులో పనిచేసే హైమావతి పద్నాలుగేళ్ళుగా ఆ కేకులు తింటూనే ఉంది. అంత తీపి తిన్నా ఆ ఆఫీసు గురించి ఆమె నోట ఒక్క తీపి మాట రాలేదు.

హైమావతిది గుంటూరు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, అక్కడి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఆరేళ్ళు ఉద్యోగం చేసింది. మార్కుల మెమో చేతికిస్తే చాలు, పిల్లాడు ఏ సబ్జెక్టు తప్పాడో, ఎన్నిసార్లు తప్పాడో, చివరికి ఎవరి పుణ్యాన గట్టెక్కాడో చెప్పేసేది. పెళ్ళయ్యాక భర్త యోగానంద్ వెంట న్యూజెర్సీ వెళ్ళింది. ఉద్యోగం చేయనివ్వని అక్కడి వీసా ఆమెను పదేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టింది. తర్వాత కెనడా పి.ఆర్., అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చి మిల్టన్‌లో ఇల్లు కొనుక్కున్నారు. యోగానంద్ రైలెక్కి టొరంటోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్తాడు. హైమావతి కారు నడుపుకుంటూ హామిల్టన్ వెళ్తుంది. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళెవరైనా మేడమ్ ఏం చేస్తారని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపే యోగానంద్ అందుకుంటాడు.

"ఏదో కాలేజీలోనండీ. టైంపాస్‌కి."

ఆ టైంపాస్ కోసం ఆమె జనవరి పొద్దుల్లో అద్దం మీద మంచు గీక్కుని ఆరున్నరకి కారు తీయాలి. ఆయన టైంపాస్ మాత్రం ఉద్యోగం.

ఆమె ఆ కాలేజీలో 2011లో చేరింది. అప్పుడు ఇండియా నుంచి వచ్చే అప్లికేషన్లన్నీ ఒక అట్టపెట్టెలో పట్టేవి. వాటిని చదవడం అక్కడ ఎవరికీ చేతకాదు. ఇంటర్మీడియట్ అంటే మధ్యలో మానేసిన చదువు కాబోలనుకునేవాళ్ళు. సప్లిమెంటరీ అంటే అదనంగా ఒక పరీక్ష రాసిన తెలివైన పిల్లలని మురిసిపోయి, ఒక ఏడాది వాళ్ళకే ముందుగా సీట్లిచ్చారు. హైమావతి వచ్చాకే ఆ పిచ్చి కుదిరింది. ఏ బోర్డు మార్కులను ఎలా చదవాలో, ఏ సంతకం ఎక్కడ ఉండాలో చెబుతూ నలభై పేజీల పుస్తకం రాసిపెట్టింది. దాని అట్ట మీద కాలేజీ ముద్ర వేశారు. ఆమె పేరు వేయడానికి చోటు చాలలేదట. హోదా క్లర్కు, జీతం బ్యాండ్ సి. అక్కడ జీతాల మెట్లకు ఏ నుంచి కె దాకా పేర్లు పెట్టారు. సి అంటే చెప్పులు విప్పుకునే చోటు నుంచి రెండడుగులు లోపలికి రానిచ్చినట్టు.

ఆ తర్వాత వరద వచ్చింది. 2021, 22 సంవత్సరాల్లో తెలంగాణ, ఆంధ్రాల నుంచి పిల్లలు కెనడా మీదికి ఎగబడ్డారు. అట్టపెట్టెలో పట్టిన అప్లికేషన్లు నెలకు రెండు వేలు దాటాయి. ఇక్కడి పిల్లల కంటే మూడింతల ఫీజు కట్టే పిల్లలు కాబట్టి కాలేజీకి వాళ్ళంతా లక్ష్మీదేవి సంతానంలా కనిపించారు. వాళ్ళ సొమ్ముతో కొత్త అద్దాల భవనం లేచింది. పిల్లల్ని తాళ్ళు వేసి లాగిన ఏజెంట్లు బాగుపడ్డారు, డైరెక్టర్లు బాగుపడ్డారు. ఇంత జనంలో ఎవడిది అసలు మెమో, ఎవడిది అచ్చొత్తిన మెమో అని తేల్చవలసిన పని మాత్రం ఒక క్లర్కు మీద పడింది.

ఆమె తేల్చింది. ఒక ఏజెంటు పంపిన ముప్పై ఏడు మెమోల మీద రిజిస్ట్రారు సంతకం పక్కన ఒకటే సిరా మరక ఉందని, అదే ఆకారంలో, అదే మూల ఉందని కనిపెట్టింది. ముప్పై ఏడు మంది చేతుల్లో సిరా ఒకేలా ఒలకదు కదా. హాల్‌టికెట్ నంబరులో ఒక కాలేజీ, పైన అచ్చేసిన పేరు ఇంకో కాలేజీ ఉన్న మెమోలను రోజుకు నాలుగైనా పట్టేది. పట్టిన ప్రతిసారీ డైరెక్టర్ లిండ్సే "హైమా, నీ కళ్ళు అద్భుతం" అనేది. అన్నాళ్ళూ ఆమె దాన్ని మెప్పనే అనుకుంది.

లిండ్సే ఆ ఆఫీసులో మొదటి ఆడ డైరెక్టర్. ఆ మాట ఆమె మెయిలు కింద సంతకంలోనే రాసుకునేది. తాను నిచ్చెనెక్కాక ఆ నిచ్చెనను పైకి లాగేసుకుని, కింద ఉన్నవాళ్ళకి నిచ్చెనల మీద ఉపన్యాసాలిచ్చే రకం. పని పెరిగిందని 2022లో ఆమె ఒక కొత్త పోస్టు పుట్టించింది. పేరు క్రెడెన్షియల్ అనలిస్ట్. చేయవలసిన పని, విదేశీ మార్కుల మెమోలు పరిశీలించి తేల్చడం. జీతం బ్యాండ్ ఎఫ్. హైమావతి అప్లై చేస్తానంటే లిండ్సే ఎంతో బాధగా తల ఊపింది.

"కెనడా డిప్లొమా తప్పనిసరి అని పెట్టాం హైమా. నీది ఇండియా డిగ్రీ కదా."

రోజుకు అరవై ఇండియా డిగ్రీలకు విలువ కట్టే మనిషి సొంత డిగ్రీకి ఆ ఆఫీసులో విలువ లేదు. ఇంత సిగ్గుమాలిన మాట ముఖం చెక్కుచెదరకుండా అనగలగడం కూడా ఒక చదువే. దానికి డిప్లొమా ఎక్కడిస్తారో హైమావతికి తెలియదు.

ఆ పోస్టులోకి అనంత్ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, హైదరాబాద్ ఉప్పల్ వాడు. స్టూడెంట్‌గా వచ్చి, రెండేళ్ళ డిప్లొమా చేసి, కేంబ్రిడ్జ్‌లో ఒక గోడౌన్‌లో పెట్టెలు మోసి, ఈ ఉద్యోగంలో పడ్డాడు. తన మెమో తప్ప ఇంకొకరి మెమో చూసి ఎరగడు. నాలుగు నెలలు హైమావతి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. మంచివాడే, ఎదుట మర్యాదగా ఉంటాడు. "ఆంటీ, గీ మెమో ఒక్కసారి చూస్తరా" అని రోజుకు ముప్పై సార్లు వచ్చేవాడు. ఆమె చూసేది, అసలో నకిలీయో చెప్పేది, కారణం రాసిచ్చేది. అతను వెళ్ళి బటన్ నొక్కేవాడు. అప్రూవ్, రిజెక్ట్ అనే ఆ రెండు బటన్లు కంప్యూటర్లో బ్యాండ్ ఎఫ్ వాళ్ళకే కనిపిస్తాయి. తేల్చేది ఆమె, రికార్డులో పడే పేరు అతనిది. సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

2023లో ఉద్యోగుల యూనియన్ గొడవ చేయడంతో కాలేజీ ఒక సమీక్ష మొదలుపెట్టింది. ఆడవాళ్ళ ఉద్యోగాలకీ మగవాళ్ళ ఉద్యోగాలకీ మధ్య జీతాల తేడా ఉందా లేదా అన్నది తేలుస్తారట. బయటి నుంచి ఒక కన్సల్టెంటును పిలిపించారు. ప్రతివాళ్ళూ తమ పనేమిటో ఇరవై రెండు పేజీల ఫారంలో రాయాలి. ఆ రాతకు మార్కులు వేస్తారు. మార్కులను బట్టి బ్యాండ్ మారుతుంది. హైమావతికి ప్రాణం లేచొచ్చింది. బ్యాండ్ ఎఫ్ డబ్బు ఒక్కటే కాదు ఆమెకు కావలసింది. ఈ మెమోలను తేల్చేది నువ్వే అని ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకోవాలి. పన్నెండేళ్ళలో ఆమె అడిగింది అంతే.

మూడు ఆదివారాలు కూర్చుని రాసింది. యోగానంద్‌కి చూపించలేదు, చూపిస్తే నవ్వుతాడని. అమృతకీ చూపించలేదు. పంతొమ్మిదేళ్ళ కూతురి చేత ఇంగ్లీషు దిద్దించుకోవడం నామోషీ అనిపించింది. అక్కడే దెబ్బతింది.

గుంటూరులో, పరీక్షల విభాగంలో, బి.యస్సీ. మార్కులు ఎవరు చూస్తారని అడిగితే హైమావతి గారు చూస్తారని చెప్పేవాళ్ళు. చూస్తారంటే ఆ పనికి ఆమే దిక్కు, ఆమె మాటే చెల్లుబాటు అని అర్థం. మనం ఏ డాక్టరు చూస్తున్నాడంటాం. డాక్టరు చూశాడంటే గుమ్మంలో నిలబడి గుడ్లప్పగించాడని కాదు, రోగం తేల్చి మందిచ్చాడని. ఇల్లు ఎవరు చూసుకుంటారు, పొలం ఎవరు చూస్తారు, పెళ్ళిపనులు ఎవరు చూస్తున్నారు. చూడటమనే ఒక్క మాటలో తెలుగువాడు బరువంతా పెడతాడు. హైమావతి ఆ బరువంతా ఇంగ్లీషులోకి మోసుకెళ్ళింది. ఐ సీ ఆల్ ఇండియా ఫైల్స్ అని రాసింది. దొంగ మెమోలు కూడా ఐ సీ అని రాసింది. నేనే తేలుస్తాను, నేనే తిరస్కరిస్తాను అని రాసుకోవడం సొంత డబ్బా కొట్టుకోవడమే అనిపించి, మొహమాటపడి, చివర్న అవసరమైన చోటల్లా అందరికీ సాయం చేస్తుంటానని కూడా చేర్చింది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ రోజు కప్‌కేకులు కాదు, ఏకంగా పెద్ద కేకే తెప్పించారు. కన్సల్టెంటు తెర మీద ఒక పెద్ద సున్నా చూపించాడు. ఏ బ్యాండులో చూసినా ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ జీతంలో తేడా సున్నా అన్నాడు. చప్పట్లు మోగాయి. లిండ్సే కళ్ళు తుడుచుకుంది. హైమావతి స్టాటిస్టిక్స్ చదివిన మనిషి. చప్పట్లు ఆగాక చెయ్యెత్తింది.

"బ్యాండ్ సి లో మగవాళ్ళు ఎంతమంది?"

కన్సల్టెంటు కాగితాలు తిరగేశాడు. "ప్రస్తుతానికి ఎవరూ లేరు. పద్నాలుగు మంది మహిళలు."

"మరి ఎవరితో పోల్చి తేడా లేదన్నారు?"

మంచి ప్రశ్న అని అతను నోట్ చేసుకున్నాడు. ఆ నోటు ఇంతవరకూ ఎవరూ చదివినట్టు లేదు. వంటింట్లో పద్నాలుగు మంది ఆడవాళ్ళను నిలబెట్టి, ఇక్కడ మగవాళ్ళకి ఎక్కువ జీతమేమీ ఇవ్వడం లేదు చూడండని లెక్క తేల్చినవాడికి ఆ కాలేజీ ఫీజు కూడా ఇచ్చింది. ఫొటో కోసం కేకు కోయడానికి కత్తి హైమావతి చేతికే ఇవ్వబోయారు. తలనొప్పిగా ఉందని చెప్పి తన సీటుకి వెళ్ళిపోయింది.

మార్కుల కాగితం ఆమె బల్ల మీద ఉంది. నిర్ణయాధికారం అన్న గడిలో సున్నా. విశ్లేషణ గడిలో సున్నా. కంటి శ్రమ అన్న గడిలో మూడు. ఎక్కువసేపు ఫైళ్ళను చూడవలసి ఉంటుందని ఉద్యోగి పేర్కొన్నారు కాబట్టి మూడు మార్కులు. బ్యాండ్ సి ఖాయం.

సాయంత్రం అమృత అమ్మ ముఖం చూసి ఫారం అడిగి తీసుకుంది. రెండు పేజీలు చదివి తల పట్టుకుంది.

"అమ్మా, యు టోల్డ్ దెమ్ యు లుక్ ఎట్ స్టఫ్!"

"చూడ్డమంటే చూడ్డమేనా? నేనే కదా అన్నీ చూసేది!"

"ఇంగ్లీష్‌లో సీ అంటే జస్ట్ ఐస్, అమ్మా. యు డిసైడ్. యు రిజెక్ట్. వై డిడిన్ట్ యు సే దట్?"

సోఫాలో ఫోను చూసుకుంటున్న యోగానంద్ అప్పుడు తలెత్తాడు.

"ఇప్పుడు ఏమైందని హైమా? నా జీతం సరిపోవట్లేదా మనకి? ఆ బ్యాండ్లూ గీండ్లూ పట్టుకుని బీపీ ఎందుకు పెంచుకుంటావు?"

"మీకు ప్రమోషన్ రానప్పుడు మూడు నెలలు అన్నం సరిగ్గా తినలేదు. నా జీతం ఉంది కదా, ఎందుకండీ బాధ అని నేనన్నానా?"

యోగానంద్ మళ్ళీ ఫోనులోకి దిగబడిపోయాడు. ఇలాంటప్పుడల్లా ఆయనకి ఆఫీసు మెసేజీలు వస్తుంటాయి.

అప్పీలు చేసుకునే హక్కు ఉంది. అక్టోబరులో ముగ్గురు పెద్దలు కూర్చుని విన్నారు. కన్సల్టెంటే అందులో ఒకడు. తీర్పిచ్చినవాడే అప్పీలు కూడా వింటాడన్నమాట, ఎంత పొదుపో. ఈసారి హైమావతి కూతురి దగ్గర మాటలన్నీ నేర్చుకుని వెళ్ళింది. ముప్పై ఏడు మెమోల సంగతి చెప్పింది. వాళ్ళు కంప్యూటర్లో వెతికి, రిజెక్ట్ నొక్కింది అనంత్ కదా అన్నారు. నిర్ణయం నాది, వేలు అతనిది అంది. అయితే అతన్నే అడుగుదామన్నారు.

అంతకు ముందురోజే ఆమె, నిజం చెబుతావా అని అనంత్‌ని అడిగింది. "ఉన్నది చెప్త ఆంటీ, అబద్ధమెందుకు చెప్త?" అన్నాడు. ఇప్పుడు ఆ ముగ్గురి ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. హైమా ఆంటీ మా టీమ్‌కి తల్లిలాంటిది, చాలా సాయం చేస్తుంది, ఆమె లేకపోతే మాకు తోచదు అన్నాడు. తల్లి అనే సరికి ముగ్గురి ముఖాలూ విప్పారాయి. ఒకాయన చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. తల్లి అన్నాక ఇంకేముంది? తల్లికి దండం పెడతారు గానీ జీతం ఎవరిస్తారు? అప్పీలు పది నిమిషాల్లో తేలిపోయింది.

కారిడార్‌లో అనంత్ ఆమె వెనకే పరుగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, నా మాట ఇనుండ్రి. నా పి.ఆర్. ఈ జాబ్ మీదనే ఉన్నది. మీ పని, నా పని ఒక్కటే అని చెప్తే మిమ్మల్ని పైకి తీస్కపోరు. నన్నే కిందికి దింపుతరు. క్లర్కు అయితే నా పి.ఆర్. పాయింట్స్ పోతయి. మీకు సిటిజెన్‌షిప్ ఉన్నది, ఇల్లున్నది, అంకుల్ ఉన్నడు. నాకేమున్నది?"

అతను చెప్పిన దానిలో అబద్ధం లేదు. ఆ ఆఫీసు అదే పని చేస్తుంది. ఇద్దర్నీ సమానం చెయ్యమంటే పైవాణ్ణి కిందికి లాగి సమానత్వం వచ్చేసిందని ఇంకో కేకు కోస్తుంది. అదంతా తెలిసినా హైమావతికి జాలి రాలేదు. అసహ్యమేసింది.

"నీకు తెలివి బాగానే ఉంది బాబూ. దాంతోపాటు కాస్త సిగ్గు కూడా ఉంటే బాగుండేది. ఇవాళ్టి నుంచి నన్ను ఆంటీ అనకు. హైమావతి గారు అను. పనికి మాత్రం రా, చెబుతాను. ఆ పిల్లల ఫైళ్ళు నువ్వు నాశనం చేస్తుంటే ఊరుకోలేను."

2024 జనవరిలో స్టూడెంట్ పర్మిట్లకి ప్రభుత్వం కళ్ళెం వేసింది. వరద తగ్గిపోయింది. ఆగస్టు వచ్చేసరికి అద్దాల భవనంలో సగం గదులకి తాళాలు పడ్డాయి. నిన్నటిదాకా పిల్లల్ని లక్ష్మీదేవి సంతానమన్న నోళ్ళే, ఇంతమందిని ఎవరు రమ్మన్నారసలు అని పేపర్లలో మాట్లాడటం మొదలుపెట్టాయి. ఉద్యోగాలు తీసేశారు. చివర్లో చేరినవాళ్ళు ముందు వెళ్ళాలని రూలు, అనంత్ పేరు మొదటి జాబితాలోనే వచ్చింది. అతని బటన్లు రెండూ హైమావతి కంప్యూటర్లోకి మార్చారు, తాత్కాలికంగా అన్నారు. బ్యాండ్ సి మాత్రం శాశ్వతం. ఇలా తీసివేతలు జరిగాక ఆ ఆఫీసులో మగవాళ్ళు ఎవరూ మిగల్లేదు. జీతాల తేడా పూర్తిగా నిర్మూలించిన విభాగమని లిండ్సేకి ఒక చెక్క ఫలకం ఇచ్చారు.

ఆ వారమే లిండ్సే హైమావతి బల్ల దగ్గరికి వచ్చింది.

"అనంత్‌కి పి.ఆర్. కోసం లెటర్ కావాలట. ఇక్కడ ఏ డ్యూటీలు చేశాడో వివరంగా ఉండాలి. నాకు తీరిక లేదు. నువ్వు డ్రాఫ్ట్ చేసి ఇస్తే సంతకం పెట్టేస్తాను."

వెనకాల అనంత్ నిలబడి ఉన్నాడు. తల పైకెత్తలేదు.

"హైమావతి గారూ, జర..." అని ఆగిపోయాడు.

ఆమె చేతిలో అతని భవిష్యత్తు ఉంది. సాయం చేసేవాడు అని రాస్తే చాలు, అది నిజమే కూడా. వీణ్ణి ముంచితే నాకేం ఒరుగుతుంది అనుకుంది. వీడు కూలీవాడు, దొంగతనం చేయించినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ తర్వాత రాయడం మొదలుపెట్టింది. ఈసారి మొహమాటం లేదు. విదేశీ ధ్రువపత్రాల ప్రామాణికతను పరీక్షించి నిర్ణయించుట. నకిలీ పత్రాలను గుర్తించి తిరస్కరించుట. ఏజెంట్ల మోసాలను విచారించి నివేదించుట. మార్గదర్శక పుస్తకం రచించుట, నవీకరించుట. అన్నీ తన పదమూడేళ్ళ పనులే, గట్టి ఇంగ్లీషు క్రియలతో, ఒకటిన్నర పేజీ. అనంత్ చేరక ముందే అచ్చయిన పుస్తకాన్ని కూడా కావాలనే అతని పేరు మీద వేసింది. లిండ్సే ఎంత శ్రద్ధగా చదువుతుందో చూద్దామని.

లిండ్సే నిలబడే చదివింది. కామా కూడా మార్చకుండా సంతకం పెట్టింది.

"అనంత్ ఇంత పని చేసేవాడా! నిజంగా బ్యాండ్ ఎఫ్ కి తగినవాడు. పెద్ద లోటే మనకి."

"ఆ పుస్తకం రాసింది నేను, అతను చేరడానికి తొమ్మిదేళ్ళ ముందు. ఆ లైను తీసేసి ఇంకో కాపీ తెస్తాను, మళ్ళీ సంతకం పెట్టండి," అంది హైమావతి.

లిండ్సే ముఖం ఒక్క క్షణం ఎర్రబడింది. రెండోసారి సంతకం పెడుతున్నప్పుడు కూడా చదవలేదు. అనంత్ లెటర్ రెండు చేతులతో తీసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. హైమావతి అప్పటికే దానికి ఒక జిరాక్స్ తీసి దగ్గర పెట్టుకుంది.

ఆఫీసులో ఎవరి పనులైనా మారితే కొత్తగా మార్కులు వేయమని అడగవచ్చు. అనంత్ వెళ్ళిన మర్నాడే హైమావతి అడిగింది. ఫారంలో ఆ లెటర్‌లోని వాక్యాలే అక్షరం పొల్లు పోకుండా దింపింది. అనంత్ పేరున్న చోట తన పేరు పెట్టింది. వెనక డైరెక్టర్ సంతకం చేసిన లెటర్ జిరాక్స్ జత చేసింది. ఈ పనులన్నీ 2011 నుంచి నేను చేస్తున్నాను అని ఒక్క లైను అదనంగా రాసింది.

లిండ్సే పిలిపించింది.

"ఇవి అనంత్ డ్యూటీలు కదా హైమా?"

"మీరు సంతకం పెట్టిన డ్యూటీలు. బ్యాండ్ ఎఫ్ కి తగినవని మీరే అన్నారు. ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

లిండ్సేకి ఆ ఫారం మార్కులు వేసేవాళ్ళకి పంపక తప్పలేదు.

తీర్పు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. బ్యాండ్ ఎఫ్ ఇచ్చారు. అవే వాక్యాలకు ఈసారి నిర్ణయాధికారం గడిలో అరవై మార్కులు పడ్డాయి. పక్క సీట్ల ఆడవాళ్ళు చుట్టూ చేరారు, ఒకామె కావలించుకుంది. హైమావతి రెండో పేజీ తిప్పింది. పై విధులు అనంత్ నిష్క్రమణ ద్వారా ఈ ఉద్యోగినికి సంక్రమించినవి కాబట్టి, ఆ తేదీ నుంచి కొత్త జీతం వర్తించును. అంతకు ముందు ఈ విధులు ఆమె నిర్వహించినట్లు పరిగణించబడదు. ఇందుకు అంగీకరిస్తూ ఇక్కడ సంతకం చేయవలెను.

ఆమె ఆ వాక్యం మూడుసార్లు చదివింది. పదమూడేళ్ళు తాను చేసిన పని, తానే నేర్పిన కుర్రాడి నుంచి తనకి అబ్బిందట. మగవాడు వచ్చి కూర్చున్న రోజున ఆ పని పుట్టిందట. అతను లేచి వెళ్ళాక, మిగిలిన వేడి మీద ఆమె కూర్చుందట.

ఆ రాత్రి ఇంట్లో యోగానంద్ కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"మూడు మెట్లు ఒకేసారి ఎక్కావు హైమా! పెన్ను ఏది? పాత సంగతులు తవ్వుకుని ఏం చేస్తాం, సంతకం పెట్టెయ్."

"టేక్ ఇట్ అమ్మా, దెన్ ఫైట్," అంది అమృత.

"సంతకం పెడితే ఇంక అడగడానికి లేదు. యూనియన్ వాళ్ళని కనుక్కున్నా."

"అయితే అయింది. వాళ్ళేం రాసుకుంటే నీకేంటి?" అన్నాడు యోగానంద్. "డబ్బు డబ్బే కదా."

హైమావతి భర్త చేతిలోంచి కాగితం తీసేసుకుంది. పాతికేళ్ళ కాపురంలో ఆయన్ని కోప్పడింది, అలిగింది, క్షమించింది. ఆయన ఇంత చిన్నగా కనిపించడం ఇదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే ఆ కాగితం లిండ్సే బల్ల మీద పెట్టింది. సంతకం చేయవలసిన గీత మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. అనంత్‌కి ఈ పని నేర్పింది నేను. ఈ పని నేను మొదలుపెట్టిన నిజమైన తేదీ వేసి పంపండి.

"హైమా, ఇది ఉత్త ఫార్మాలిటీ," అంది లిండ్సే. "సంతకం పెట్టేదాకా పాత జీతమే వస్తుంది నీకు. నష్టపోయేది నువ్వే."

"తెలుసు. నాకు జీతం పెంచి నా పని అనంత్ పేరున రాసిస్తానంటారు. ఆ బేరం నాకొద్దు."

అదే కాగితం మార్చిలో మళ్ళీ వచ్చింది, తేదీ మారకుండా. తిరిగి పంపింది. ఏప్రిల్‌లో ఇంకోసారి వచ్చింది, ఈసారి పసుపుపచ్చ అంటుకాగితం మీద నవ్వుముఖం గీసి. దాన్నీ తిరిగి పంపింది. ఆమె ఇంకా బ్యాండ్ సి లోనే ఉంది. సంతకం పెట్టలేదు.